రశీదు అడగడం నేర్పని పౌరశాస్త్రం: తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖాధికారులకు, ఈ రెండు జిల్లాల ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు సాంఘికశాస్త్రం చెప్పి, 2021లో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు చిత్తూరులో ఉంటున్నాను. ఈ లేఖ రాయడానికి కారణం గత జూన్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం వరండాలో నాకు కనిపించిన పాత విద్యార్థి. అతను 2016లో పదో తరగతి పాసయ్యాడు, సోషల్‌లో పదికి పది గ్రేడు పాయింట్లు తెచ్చుకున్నాడు. తండ్రి పోయాక పొలం తన పేరుకు మార్పించుకోవడానికి ఆ కార్యాలయానికి రావడం అది మూడోసారి అన్నాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ జిరాక్సులు, పాత పాసుపుస్తకం ఉన్నాయి. అర్జీ ఎప్పుడిచ్చావని అడిగితే తేదీ చెప్పలేకపోయాడు. ఇచ్చినట్లు చూపడానికి అతని దగ్గర కాగితం ముక్క కూడా లేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించి, "సార్, రశీదు అడగొచ్చా? కోప్పడతారేమో" అన్నాడు. సమాచార హక్కు చట్టం పాఠం గుర్తుందా అని అడిగాను. "ఎందుకు గుర్తుండదు సార్, 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది" అని తడుముకోకుండా చెప్పాడు.

అతనికి ఆ పాఠం చెప్పింది నేనే. తేదీ నేర్పాను, చట్టం లక్షణాలు నేర్పాను, పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న ఎలా వస్తుందో కూడా నేర్పాను. అర్జీకి రెండు ప్రతులు రాసుకోవాలని, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలని మాత్రం ఆ రోజుల్లో నేర్పలేదు. పౌరుల హక్కులు, విధులు అనే పాఠాన్ని మనం మన పిల్లలకు ఏ రూపంలో అందిస్తున్నామో మరొకసారి ఆలోచించాలని, పాఠంతో పాటు పౌరుడు చేయవలసిన ఒక్క పనినైనా ప్రతి విద్యార్థి చేత బడిలో ఉండగానే చేయించాలని మిమ్మల్ని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

తరగతిలో జరుగుతున్నదేమిటో మీకు తెలియనిది కాదు. రాజ్యాంగం మూడో భాగంలోని ప్రాథమిక హక్కులు ఆరు, నాలుగు-ఎ భాగంలోని 51-ఎ అధికరణలో ప్రాథమిక విధులు పదకొండు, 42వ సవరణ 1976, 86వ సవరణ 2002 అని పిల్లలు వల్లె వేస్తారు. పరీక్షలోని చిన్న ప్రశ్నలకు అది సరిపోతుంది. అయితే అదే విద్యార్థిని ఓటు వేయడం ప్రాథమిక విధేనా అని అడిగితే అవునంటాడు, పన్ను కట్టడం కూడా అంతేనంటాడు. ఆ రెండూ 51-ఎ అధికరణలో లేవు. రాజ్యాంగంలో విధులు చేర్చమని సిఫారసు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ పన్నులు చెల్లించడాన్ని కూడా వాటిలో చేర్చాలని సూచించినా ఆ సూచనను అప్పట్లో స్వీకరించలేదు. ఓటు వేయడం మంచిది కాదని గానీ, పన్ను ఎగ్గొట్టవచ్చని గానీ దీని అర్థం కాదు, పన్ను ఎగ్గొడితే శిక్షించడానికి వేరే చట్టాలున్నాయి. మూల పాఠం చదవకుండా గైడు చదివిన పిల్లవాడికి రాజ్యాంగంలో ఉన్న మాటకూ, పెద్దలు చెప్పే మంచి మాటకూ తేడా తెలియకుండా పోతోందని మాత్రమే నా బాధ.

ఇంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. హక్కుల పాఠం పరీక్ష కోసం చెబుతాము, విధుల పాఠం మందలించడానికి వాడుకుంటాము. మరుగుదొడ్డిలో నీళ్లు రావడం లేదని ఆడపిల్లలు చెబితే, "ముందు మీ విధులు మీరు చేయండి, తర్వాత హక్కుల గురించి మాట్లాడండి" అనే మాట నేను స్టాఫ్ రూముల్లో ఎన్నోసార్లు విన్నాను. రాజ్యాంగం ఎక్కడా అలాంటి షరతు పెట్టలేదు. ప్రాథమిక హక్కులు 1950 జనవరి 26 నుంచి ఉన్నాయి, వాటికి భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లడానికి 32వ అధికరణ, హైకోర్టుకు వెళ్లడానికి 226వ అధికరణ దారి చూపుతున్నాయి. విధుల్లో మొదటి పది ఇరవై ఆరేళ్ల తర్వాత, అత్యవసర పరిస్థితి కాలంలో చేరాయి, విధులను కోర్టు ద్వారా నేరుగా అమలు చేయించే ఏర్పాటు లేదు. ఈ చరిత్ర చెప్పడం వల్ల విధుల విలువ తగ్గదు. విధిని హక్కుకు ముందు కట్టవలసిన రుసుముగా చెప్పినప్పుడే పిల్లల దృష్టిలో అది విలువ కోల్పోతుంది.

హక్కు, విధి ఒకే విషయంలో ఎలా కలిసి ఉంటాయో చూపడానికి మన ప్రాంతం కంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు. జాతీయ గీతాన్ని గౌరవించడం 51-ఎ అధికరణలో మొదటి విధి. ఆ గీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో ఆంగ్లంలోకి అనువదించింది ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో, బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో బస చేసిన రోజుల్లో. ఐర్లండ్‌కు చెందిన సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి సిద్ధం చేసింది కూడా అక్కడే. ఈ సంగతి చెప్పగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. ఆ వెంటనే నేను వారికి కేరళలోని ముగ్గురు తోబుట్టువుల కథ చెప్పేవాడిని. బడిలో జాతీయ గీతం వచ్చినప్పుడు ఆ పిల్లలు గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ తమ మత విశ్వాసం ప్రకారం పాడేవారు కాదు. 1985లో వారిని బడి నుంచి పంపేశారు. కథ అక్కడ ఆపి, మీరైతే ఏం తీర్పు ఇస్తారని అడిగేవాడిని.

ఒక సంవత్సరం తొమ్మిదో తరగతిలో ఈ చర్చ గంట కొట్టినా ఆగలేదు. వెనుక బెంచీలోని ఒక అబ్బాయి, పాడని వాళ్లను పంపేయడం సబబేనని గట్టిగా వాదించాడు. అంతవరకు నోరు విప్పని ఒక అమ్మాయి లేచి, "లేచి నిలబడ్డారు కదా సార్, గౌరవం ఇచ్చినట్టే కదా, పాడకపోతే అవమానం ఎట్లవుతుంది?" అని అడిగింది. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారి తీర్పు ద్వారా చెప్పింది దాదాపు ఆ మాటే, పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని ఆదేశించింది కూడా. నేను తీర్పు చదివి వినిపించినప్పుడు ఆ అబ్బాయి ఒప్పుకోలేదు, మరుసటి రోజు కూడా వచ్చి వాదించాడు. అతను ఒప్పుకోవాలని నేను పట్టుబట్టలేదు. మనస్సాక్షి స్వేచ్ఛ గురించిన 25వ అధికరణను ఆ తరగతిలో ఎవరూ మరచిపోలేదని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

పదకొండో విధి మన జిల్లాలకు మరీ దగ్గరిది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల విధి అని అది చెబుతుంది. ఆ విధిని చేర్చిన 86వ సవరణే 21-ఎ అధికరణను కూడా చేర్చి, అదే వయసు పిల్లల చదువును వారి హక్కుగా చేసింది, ఆ హక్కును అమలు చేయడానికి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అంటే తల్లిదండ్రుల విధి, బిడ్డ హక్కు, ప్రభుత్వ బాధ్యత మూడూ ఒక్క పిల్లవాడి దగ్గర కలుస్తున్నాయి. జూన్‌లో బడి తెరిచే రోజులు, తోతాపురి మామిడి కోతల రోజులు ఒకటే కావడం మీకు తెలుసు. తోటల్లో, మండీల దగ్గర పని దొరికే ఆ వారాల్లో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి హాజరు పట్టీ తెరిచి చూడండి. ఆ పట్టీనే తరగతి ముందు పెట్టి, పేర్లు చదవకుండా సంఖ్యలు మాత్రం బోర్డు మీద రాసి, ఈ ఖాళీలకు ఎవరి విధి ఎంత, ఎవరి హక్కు ఎంత అని అడిగితే, పుస్తకంలోని ఆ వాక్యం పిల్లల ఇళ్లలోకి నడిచి వెళుతుంది. పేదరికంలో ఉన్న తల్లిని నిందించే విధంగా ఆ పాఠం చెప్పకూడదని ఉపాధ్యాయ మిత్రులకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఆ తల్లికి సకాలంలో గిట్టుబాటు కూలి, బడిలో భోజనం, పుస్తకాలు అందుతున్నాయా అన్న ప్రశ్న కూడా అదే పాఠంలో భాగం.

నీవా నది గురించి కూడా ఒక మాట. చిత్తూరు పట్టణంలో చదివే పిల్లలు రోజూ దాన్ని దాటి వెళతారు, అందులో పారే మురుగును చూస్తారు. నదులను కాపాడటం 51-ఎ అధికరణ చెప్పిన విధి. కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు మురుగు కాలువల దుర్గంధం భరించలేక మేజిస్ట్రేటు దగ్గరికి వెళితే, డబ్బు లేదన్న పురపాలక సంఘం వాదనను సుప్రీంకోర్టు 1980లో తోసిపుచ్చింది. నదిలో చెత్త వేయకూడదని పోస్టరు గీయించడంతో మనం ఆగిపోతున్నాము. చెత్త వేయకుండా ఉండటం పౌరుడి పని అయితే, కాలువ కట్టించమని అడగడం కూడా పౌరుడి పనే.

ఇక, చేయించడం అంటే నా ఉద్దేశం ఏమిటో ఒక అనుభవం ద్వారా వివరంగా చెబుతాను. 2017లో పాకాల వైపు ఒక పల్లె బడిలో పనిచేస్తున్నప్పుడు, ప్రత్యేక తరగతులు ముగించుకుని సాయంత్రం ఇళ్లకు వెళ్లే ఆడపిల్లలు కల్వర్టు దగ్గర చీకటిగా ఉంటుందని, అక్కడ దీపం నెలల తరబడి వెలగడం లేదని చెప్పారు. స్థానిక ప్రభుత్వాల పాఠం అప్పుడే మొదలైంది. వీధి దీపాలు ఎవరి బాధ్యత అని అడిగితే ఎమ్మెల్యే అన్నారు కొందరు, కరెంటు వాళ్లు అన్నారు కొందరు. పుస్తకం తెరిపించి, గ్రామ పంచాయతీ విధులు చదివించి, మీరే అర్జీ రాయండి అన్నాను.

మొదట రాసుకొచ్చిన అర్జీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక అమ్మాయి వాళ్ల తాతను అడిగి రాయించుకొచ్చింది. "మహారాజరాజశ్రీ" అని మొదలై, "తమ దివ్య సముఖమునకు", "దయదలచి", "తమ పాదములకు" అంటూ రెండు పేజీలు సాగింది. దీపం ఎక్కడుందో, ఎప్పటి నుంచి వెలగడం లేదో అందులో లేదు. ఆ తాత తప్పు చేయలేదు, ఆయన కాలంలో అర్జీ అలాగే రాసేవారు. అది ప్రజలు ఏలికకు రాసుకున్న భాష అని, 1950 తర్వాత మనం అలా రాయనక్కర లేదని, "గౌరవనీయులైన పంచాయతీ కార్యదర్శి గారికి" అంటే మర్యాద పూర్తవుతుందని చెప్పాను. "దయ" అన్న మాట ఎన్నిచోట్ల ఉందో పిల్లలే లెక్కపెట్టి కొట్టివేశారు. తర్వాత ఇద్దరు వెళ్లి స్తంభాలు లెక్కపెట్టి, రోడ్డు మలుపు నుంచి నాలుగోది, వేపచెట్టు పక్కది అని రాసుకొచ్చారు. అర్జీ ఆరు వరుసలకు తగ్గింది. తేదీ, ఊరు, సమస్య, అది ఎప్పటి నుంచి ఉంది, ఏం కోరుతున్నారు, సంతకాలు, అంతే.

ఇవ్వడానికి వెళ్లిన రోజు, పిల్లలు అర్జీ ఇవ్వడమేమిటి, మీ సారును రమ్మనండి అని వెనక్కి పంపారు. నేను వెళ్లలేదు. వెళితే దీపం తొందరగా వచ్చేదేమో గానీ పాఠం పోయేది. రెండోసారి ఒక విద్యార్థిని తల్లి సంతకం కూడా చేర్చి, ఆమెను వెంటబెట్టుకుని, రెండు ప్రతులతో వెళ్లారు. రెండో ప్రతి మీద "అందినది" అన్న ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చారు. ఊదారంగు సిరా కాస్త అలుక్కుపోయిన ఆ ముద్రను తరగతిలో ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఇచ్చుకుంటూ చూసిన తీరు నేను ఇంతవరకు మరే ప్రగతి పత్రం విషయంలోనూ చూడలేదు. మూడు వారాలకు దీపం వెలిగింది, రెండు నెలలకు మళ్లీ ఆరిపోయింది. ఈసారి వాళ్లు నాకు చెప్పకుండానే, పాత అర్జీ తేదీని ప్రస్తావిస్తూ కొత్త అర్జీ రాసి ఇచ్చారని తర్వాత తెలిసింది.

అర్జీకి జవాబు రాకపోతే ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర సమాచార హక్కు చట్టం తానుగా వచ్చి చేరుతుంది. సమాచారం ఎందుకు కావాలో కారణం చెప్పనవసరం లేదని ఆరో సెక్షన్ చెబుతుంది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని ఏడో సెక్షన్ చెబుతుంది, జవాబు రాకపోయినా తృప్తి కలగకపోయినా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చని పందొమ్మిదో సెక్షన్ చెబుతుంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. తల్లి పేరుతో ఇంటి దగ్గర ఒక దరఖాస్తు రాసి చూసిన పిల్లకు ఈ సెక్షన్లు వల్లె వేయవలసిన పని ఉండదు.

ఉపాధ్యాయులు ఇలాంటి పని చేయించడానికి ఎందుకు వెనుకాడుతారో నాకు తెలుసు, నేనూ చాలా ఏళ్లు వెనుకాడాను. పిల్లలతో అర్జీలు పెట్టిస్తున్నాడని ఎవరైనా పై అధికారికి చెబితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఉపాధ్యాయుడే. ఊరి రాజకీయాల్లో ఏదో ఒక వర్గం వైపు నిలబడ్డాడన్న మాట పడుతుంది. దీపం విషయంలో నాకు కూడా అలాంటి ఫోను వచ్చింది. అందుకే విద్యాశాఖాధికారులను నేను ముఖ్యంగా కోరేది ఒక లిఖితపూర్వక ఉత్తర్వు. ఎనిమిది నుంచి పది వరకు ప్రతి తరగతిలో, సాంఘికశాస్త్రం ప్రాజెక్టు పనిగా, బడికి లేదా ఊరికి సంబంధించిన ఒక సమస్య మీద నిజమైన అర్జీ గానీ దరఖాస్తు గానీ విద్యార్థులు రాసి, ఇచ్చి, దాని ఫలితాన్ని నమోదు చేయాలని, వ్యక్తుల మీద ఫిర్యాదులకూ పార్టీల వ్యవహారాలకూ ఇందులో చోటు లేదని, ఇది పాఠ్యాంశంలో భాగమేనని ఆ ఉత్తర్వులో ఉంటే చాలు. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకు ఇప్పటికే మార్కులున్నాయి, ఇంటర్నెట్ నుంచి అంబేద్కర్ గారి చిత్రం ప్రింటు తీసి అట్ట మీద అతికించిన దానికి మనం ఆ మార్కులు ఇస్తూనే ఉన్నాము. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి మండల కార్యాలయాలకు, పంచాయతీలకు కూడా పంపితే పిల్లలను గుమ్మం నుంచి వెనక్కి పంపే పరిస్థితి తగ్గుతుంది.

బడి గోడల లోపలే మొదలుపెట్టడానికీ అవకాశం ఉంది. విద్యాహక్కు చట్టం ఇరవై ఒకటో సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే కావాలి, సగం మంది మహిళలు కావాలి. ఆ కమిటీ చర్చించిన విషయాలను తీర్మానాల పుస్తకం నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు చదివి, తమ తల్లులకు వివరించగలగాలి. పదో తరగతి ముగించే పిల్లలకు గ్రామసభ గురించి చెప్పేటప్పుడు, అందులో సభ్యత్వానికి ఎవరి పిలుపూ అక్కర లేదని, ఓటరు జాబితాలో పేరుంటే సభ్యులేనని, పదిహేడేళ్లు నిండగానే ఓటరుగా ముందస్తు దరఖాస్తు ఇవ్వవచ్చని చెప్పి, ఆ ఫారం ఎలా నింపాలో చూపాలి. ఇంటర్‌లో చేరాక వాళ్లకు ఇవి చెప్పేవారు ఉండరు.

నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం నాడు అన్ని బడుల్లో ప్రవేశిక చదివిస్తున్నాము. ఆ రోజు తిరుపతి, చిత్తూరు పిల్లలకు మాడభూషి అనంతశయనం అయ్యంగారు గురించి కూడా చెప్పాలని నా విన్నపం. 1891లో తిరుచానూరులో పుట్టి, మొదట గణితం బోధించి, తర్వాత న్యాయవాది అయి, రాజ్యాంగ సభలో సభ్యుడిగా కూర్చుని, 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికై, లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్ తర్వాత ఆ పదవి చేపట్టిన మనిషి మన మధ్య నుంచే వెళ్లారు. రాజ్యాంగాన్ని ఎక్కడో ఢిల్లీలో ఎవరో రాశారనుకునే పిల్లకు, పద్మావతి అమ్మవారి గుడి ఉన్న ఊరి నుంచి వెళ్లిన ఒక లెక్కల మాస్టారు కూడా ఆ సభలో ఉన్నారని తెలియడం చిన్న విషయం కాదు.

చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే వచ్చే క్లస్టర్ సమావేశాల్లో ఒక పూట ఈ విషయానికి కేటాయిస్తే నేను సొంత ఖర్చుతో ఏ మండలానికైనా వస్తాను. పిల్లలు రాసిన నలభైకి పైగా అర్జీల ప్రతులు, వాటికి వచ్చిన, రాని జవాబులు నా దగ్గర ఉన్నాయి. పేర్లు తొలగించి వాటిని మీకు ఇస్తాను.

కార్యాలయం వరండాలో కలిసిన నా విద్యార్థి చేత ఆ రోజే అక్కడి బల్ల మీద రెండు ప్రతులు రాయించాను. లోపలికి తనే వెళ్లాడు, ముద్ర వేయించుకుని బయటికి వచ్చాడు. ఎవరూ కోప్పడలేదు. ఈ లేఖ ప్రతిని కూడా నేను వచ్చే సోమవారం చిత్తూరు కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట స్వయంగా ఇచ్చి, రెండో ప్రతి మీద రశీదు తీసుకుంటాను. తిరుపతికి మరుసటి సోమవారం వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
చిత్తూరు.